నీలిపూస

పోయినవారం మీరు నన్ను అద్దం ముందు వదిలేశారు. ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో దువ్వెన. కుర్చీలో కూర్చున్నావిడ జుట్టు సగమే కత్తిరించాను. ఆవిడ ఒళ్లో వెలుగుతున్న ఫోనులో మా అమ్మ కనిపించింది. చర్చిలో నడుం వంచి, కొవ్వొత్తిని కింది ఇసుకలో గుచ్చుతోంది.

మా చర్చిల్లో కొవ్వొత్తులకు రెండు చోట్లుంటాయి. బతికున్నవాళ్ళ కోసం పైన వెలిగిస్తాం, పోయినవాళ్ళ కోసం కింద ఇసుకలో. బల్గేరియాలో పుట్టిన ఏ పిల్లనడిగినా చెబుతుంది. మా చెల్లెలు నెవ్యానా ఈ మార్చి మొదట్లో ఒక సాయంత్రం బూడిదరంగు కోటు వేసుకుని ఇంట్లోంచి బయటికి నడిచింది, తిరిగి రాలేదు. వెతుకుతున్నామని పోలీసులు అంటూనే ఉన్నారు. అలాంటప్పుడు కన్నతల్లి కొవ్వొత్తి కింద పెట్టిందంటే ఊరు ఏమనుకుంటుంది? ఊరి సంగతి సరే, నేనేమనుకోవాలి?

ఫొటో కింద పూలకొట్టు వెలికా రాసిన మాటలు ఇవి: "తల్లి ఇప్పటికే ఇసుకలో పెట్టేసింది. పోలీసులు నోరు విప్పరు. ఎవరికి ఏం తెలుసో మీరే చెప్పండి." చెప్పడానికి జనం క్యూ కట్టారు.

కుర్చీలో ఉన్నావిడ సగం జుట్టుకి స్కార్ఫు కట్టుకుని వెళ్ళిపోయింది. నేను షట్టరు దించేసి, రేవు పక్కనున్న కాఫీ హోటలుకి నడిచాను. 'నెవ్యానా ఎక్కడ?' అనే ఆన్‌లైన్ గ్రూపు పెద్దలు శనివారాలు అక్కడే కూర్చుంటారు. మిగతా వేలమంది ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని మా చెల్లెల్ని వెతుకుతుంటారు. మ్యూనిక్‌లో బస్సు తోలుకునే మా ఊరివాడొకడు మా ఊరి పక్కన పారే డాన్యూబ్ నది ప్రవాహ వేగం లెక్కగట్టి, శవం ఎక్కడ తేలాలో మ్యాపు మీద గుర్తు పెట్టాడు. మా నెవ్యానాని శవం అన్న మొదటి మనిషి వాడే. దాని కింద వందలమంది ఎర్ర గుండె బొమ్మ నొక్కారు. వాళ్ళలో సగం మంది జుట్టు నేనే కత్తిరిస్తాను.

హోటలు బయట చెర్రీ చెట్టు విరగబూసింది. మా దగ్గర మార్చి ఒకటో తారీఖున ఎరుపూ తెలుపూ దారాలు పేని మణికట్టుకి కట్టుకుంటాం. దాన్ని మార్తెనిత్సా అంటాం. వలస కొంగ కనబడితేనో చెట్టు పూస్తేనో విప్పి ఆ కొమ్మకే కట్టేస్తాం. ఆ చెట్టు కొమ్మలన్నీ దారాలతో నిండిపోయి ఉన్నాయి. ఊరంతా విప్పేసింది. నాదీ అమ్మదీ ఇంకా చేతికే ఉన్నాయి. దారిలో ఎదురైనవాళ్ళు ముందు నా మణికట్టు చూస్తారు, తర్వాత మొహం చూస్తారు, ఆ తర్వాత ఎటో చూస్తారు.

లోపల మూలబల్ల దగ్గర ముగ్గురున్నారు. గ్రూపు నడిపే ఒగ్న్యాన్ మాస్టారు, వెలికా, దెల్యాన్.

మాస్టారు నాకూ నెవ్యానాకీ ఫిజిక్స్ చెప్పారు. రిటైరయ్యాక కూడా ఎదుటివాణ్ణి నిలబెట్టి ప్రశ్న అడిగే అలవాటు పోలేదు. దెల్యాన్ మాత్రం వేరు. ఫెర్రీ టికెట్ల గదిలో నెవ్యానా పక్క సీటు అతనిది. ఆ సాయంత్రం తను పక్క పల్లెలో మేనత్త దగ్గర ఉండిపోయాడట. ఊళ్ళో ఉంటే దాన్ని ఒంటరిగా పోనిచ్చేవాణ్ణి కాదని మా అమ్మ ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అప్పట్నుంచి పోస్టర్లు అచ్చు వేయించేది అతనే, స్తంభాలకి అంటించేది అతనే. మా వంటింట్లో కారే కొళాయి కూడా అతనే బాగుచేశాడు. ఈ మొత్తం గ్రూపులో నేను కడుపునిండా తిట్టుకోని మనిషి అతనొక్కడే.

"బుధవారం కరాజోవ్ మెట్ల మీదికి రాలేదు," అంటున్నారు మాస్టారు. కరాజోవ్ అంటే ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు. వారం వారం స్టేషను మెట్ల మీద నిలబడి టీవీ వాళ్ళకి రెండు ముక్కలు చెబుతాడు. "వచ్చినప్పుడైనా ఏం చెప్పేవాడు? దర్యాప్తు దృష్ట్యా ఏమీ చెప్పలేం అనేవాడు. ఈసారి ఆ మాట చెప్పడానికి కూడా రాలేదు. నదిలో గాలించేవాళ్ళని వెనక్కి పిలిచారు. ఈ రెండూ కలిపితే ఏం తేలుతుంది?"

"ఆయనకి జలుబు చేసిందని తేలుతుంది," అన్నాను వెనక నిలబడి.

వెలికా చేతిలో కప్పు తొణికింది. దెల్యాన్ గబుక్కున లేచి నాకు కుర్చీ జరిపాడు.

"కూర్చో జ్లాత్కా," అన్నారు మాస్టారు. "నువ్వు రావడం మంచిదైంది."

"కూర్చోడానికి రాలేదు మాస్టారూ. ఆ ఫొటో తీసెయ్యండి."

"ఏ ఫొటో?"

"క్లాసులో మీరు మమ్మల్ని ఇలాగే ఆడించేవారు. ఇప్పుడు నాకు ఓపిక లేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడు తల్లీ. ఇప్పుడు తీసేస్తే, ఎందుకు తీశారని ఇంకో వెయ్యిమంది అడుగుతారు. మేం మీ అమ్మగారిని ఒక్క మాట అనలేదు. పోలీసులు ఏదో దాస్తున్నారంటున్నాం. ఆ దాచినదాంట్లో కొంచెం మీ అమ్మగారికి తెలిసుండొచ్చు అంటున్నాం."

"అనలేదా? కింద ఎవరో ఏం రాశారో చదివారా? ఇన్సూరెన్సు కోసమేమో అని రాశారు. మా అమ్మ దగ్గర ఇన్సూరెన్సున్నది ఒక్క గ్యాసు స్టవ్వుకే."

"అలాంటివి నేను చెరిపేస్తున్నాను."

"మీరు చెరిపేలోపు ఊరంతా చదువుతోంది."

అప్పుడు వెలికా నోరు విప్పింది. ఈవిడ కొట్టు చర్చి గేటు పక్కనే. పెళ్ళికైనా చావుకైనా పూలు కొనాలంటే ఈవిడ దగ్గరికే పోవాలి కాబట్టి ఊళ్ళో ఎవరికి ఏం జరిగినా ముందు ఈవిడకే తెలుస్తుంది. "నేను అబద్ధం తియ్యలేదు కదే. కంటికి కనబడింది తీశాను. ఎవరి కోసం పెట్టిందో నువ్వే చెప్పు, రాసేస్తాను."

"మా నాన్న కోసం."

"మీ నాన్న పోయింది అక్టోబరులో. ప్రతి అక్టోబరూ మీ అమ్మ నా దగ్గర చామంతులు కొంటుంది. ఇవాళ ఏముందని?"

"మొగుడు గుర్తుకు రావడానికి నీ దగ్గర పర్మిషన్ తీసుకోవాలా?"

"నేనేమన్నాను? అడిగాను." ఆవిడ కప్పులోకి చూసుకుంటూ గొంతు తగ్గించింది. "పెట్టేటప్పుడు ఆవిడ పెదాలు కదిలాయి జ్లాత్కా. మీ నాన్న పేరు అలా ఉండదు."

ఎదురుగా ఉన్న పంచదార పొట్లాన్ని చింపి బల్లమీద పోశాను. ఎందుకు పోశానో నాకు తెలీదు.

"పోనివ్వండి పిన్నీ," అన్నాడు దెల్యాన్ మెల్లగా. "ఇంట్లోవాళ్ళని అడగడం కాదు, అడగాల్సింది కరాజోవ్‌ని. ఏం ప్రకటన ఇచ్చాడండీ? బూడిదరంగు కోటు, నల్లబూట్లు, చేతికి మార్తెనిత్సా. మార్చి నెలలో మన ఊళ్ళో కుక్కల మెడకి కూడా మార్తెనిత్సా ఉంటుంది. దానికి నీలిపూస ఉందని ఒక్క ముక్క చెబితే, చూసినవాడెవడైనా గుర్తుపట్టేవాడు కదా."

"అదే నేనూ అంటాను," అన్నారు మాస్టారు. "జనానికి చెప్పడం చేతకాని పోలీసులు జనం సాయం ఎలా అడుగుతారు?"

నీలిపూస సంగతి నాకు తెలీదు. ఆ నిమిషంలో నాకొచ్చింది అనుమానం కాదు, ఉక్రోషం. నా సొంత చెల్లెలు చేతికి ఏం కట్టుకుందో నాకంటే ఈ కాఫీ హోటలు బల్లకే బాగా తెలిసిపోయిందే అనుకున్నాను. ఆ వేలమంది రాసినవి తిరగేసి తిరగేసి ఎక్కడో ఏరుకుని ఉంటారనుకున్నాను. ఈ గ్రూపు మాకు చేసిన అన్యాయం అది. ఎవడు ఏం మాట్లాడినా ఆశ్చర్యం వెయ్యకుండా చేసింది.

"ఫొటో సాయంత్రంలోగా తీసెయ్యకపోతే, మీ ముగ్గురి జుట్టూ ఇకమీద మీరే కత్తిరించుకోండి," అని వెనక్కి తిరిగాను. దానికంటే పెద్ద బెదిరింపు నా దగ్గర లేదు. మాస్టారికి జుట్టు కూడా లేదు.

దెల్యాన్ గుమ్మం దాకా వచ్చాడు. "మనసులో పెట్టుకోకు అక్కా. కొత్త పోస్టర్లు వచ్చాయి. సాయంత్రం ఇంటికి తెస్తాను. మీ అమ్మ చిక్కుడుగింజల చారు పెడతానంది."

"రా," అన్నాను. నిజంగానే అన్నాను.

*

మా లిఫ్టు పనిచెయ్యడం మానేసి చాలాకాలమైంది. మెట్లెక్కుతూ ప్రతి అంతస్తులోనూ ఒక మాట సిద్ధం చేసుకున్నాను. లోపలికెళ్ళేసరికి అవేవీ గుర్తుకురాలేదు. అమ్మ స్టవ్వు దగ్గర నిలబడి చారులో పుదీనా నలిపి వేస్తోంది. తలుపు గొళ్ళెం వెయ్యబోతే, "ఉండనీ, దెల్యాన్ వస్తాడు," అంది.

"కొవ్వొత్తి ఎవరి కోసం పెట్టావమ్మా?"

గరిటె ఆగలేదు. "ఏ కొవ్వొత్తి?"

"నువ్వు కూడా మాస్టారిలా మొదలుపెట్టకు. ఊరంతా చూసింది. నేనే చివర."

అమ్మ స్టవ్వు తగ్గించి, చేతులు తుడుచుకుని కూర్చుంది. చాలాసేపు బల్లగుడ్డ అంచు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. నేను నిలబడే ఉన్నాను.

"కరాజోవ్ పిలిచాడే," అంది చివరికి. "సోమవారం. నువ్వు కొట్లో ఉన్నావు."

"పిలిచి?"

"కోటు చూపించాడు. అవతలి ఒడ్డున రొమేనియా జాలరి ఎవరికో దొరికిందట. ఆ నీళ్ళల్లో పెరిగే విల్లో చెట్లుంటాయే, వాటి వేళ్ళకి చిక్కుకుని ఉందట." బల్లగుడ్డ అంచు వదిలేసింది. "దానిదే."

కుర్చీ లాక్కున్నాను. "సోమవారం నుంచి తెలుసు నీకు. ఇవాళ శనివారం. రోజూ నాతో కలిసి తిన్నావు."

"ఎవరికీ చెప్పొద్దన్నాడు. మా పెద్దదానికి కూడానా అన్నాను. ముఖ్యంగా ఆవిడకే వద్దమ్మా అన్నాడు. జుట్టు కత్తిరించే చోట మాట దాగదు, ఒక్క ముక్క జారినా మీ చిన్నమ్మాయికే నష్టం అన్నాడు."

ఇది విని నాకు ఏడుపు రావాలి. ముందు కోపం వచ్చింది. వేలమంది అపరిచితులకి మా ఇంటి కిటికీలు తెరిచి ఉన్నాయి, నా ఒక్కదానికే తలుపు మూశారు. కత్తెర పట్టుకున్న ఇన్నేళ్ళలో ఈ ఊరి రంకులూ రోగాలూ ఎన్ని విన్నాను, ఎవరి గుట్టయినా బయటపెట్టానా? ఆ మాటే అమ్మతో అన్నాను, గట్టిగానే అన్నాను. అమ్మ అడ్డు చెప్పలేదు.

"పోలీసులకి నా మీద నమ్మకం లేకపోతే పోనీ. నీకు కూడా లేదా?"

"నాకు భయమేసిందే," అంది అమ్మ. "నీకు చెబితే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే అది నిజమైపోతుంది. దాన్ని నిజం కానివ్వకూడదని నోరు మూసుకున్నాను."

"నోరు మూసుకుని కొవ్వొత్తి ఇసుకలో పెట్టావు."

"పెట్టాను." అమ్మ కళ్ళు ఎత్తింది. "చర్చిలో అబద్ధమాడలేకపోయాను. కోటు చూశాక పైన పెట్టడానికి చెయ్యి లేవలేదు. దాని పేరు చెప్పుకుని ఇసుకలో గుచ్చాను. గుమ్మం దాకా వెళ్ళాను. గుమ్మం దగ్గర నా కడుపులోంచి ఏదో తన్నినట్టయింది జ్లాత్కా, అది కడుపులో ఉన్నప్పుడు తన్నినట్టే. దొరికింది కోటే కదా, మనిషి కాదు కదా అనుకున్నాను. వెనక్కి వెళ్ళాను. ఇసుకలోంచి పీకి పైన పెట్టాను. మైనం చేతిమీద కారింది, ఇదిగో."

బొటనవేలి పక్కన చిన్న ఎర్రటి మచ్చ. ఫాదరు చూసి తల పక్కకి తిప్పుకున్నాడట. పూలకొట్టు వెలికా మాత్రం మొదటి సగం ఫొటో తీసుకుని కొట్టు తెరవడానికి పరుగెత్తింది. రెండో సగం చూడ్డానికి ఆవిడకి తీరిక లేదు. ఆ సగం ఫొటోతో ఊరు మా అమ్మని ఉరితీసింది.

నేను లేచి వెళ్ళి అమ్మ తల నా పొట్టకి ఆనించుకున్నాను. జుట్టులో పుదీనా వాసన.

"కోటు దానిదేనని ఎలా చెప్పావు?" అన్నాను. "అలాంటి కోట్లు బజారు నిండా ఉన్నాయి."

"జేబులో దాని మార్తెనిత్సా ఉంది. తెగలేదే, కోశారు. రెండు కొసలూ కత్తితో కోసినట్టు సమంగా ఉన్నాయి. పూస చూసి పట్టుకున్నాను. నీలిపూస."

చేతుల్లో అమ్మ తల ఒక్కసారిగా బరువెక్కింది. "ఏ నీలిపూస?"

"నీకు తెలీదులే, నువ్వు అప్పటికి కొట్లోంచి రాలేదు. ఆ సాయంత్రం అది కోటేసుకుని గుమ్మంలో నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. ఎక్కడికే అంటే ఇప్పుడే వస్తానంది. ఎవరి దిష్టో తగిలిందని, నా పాత గొలుసులోంచి నీలిపూస ఒకటి తీసి దాని మార్తెనిత్సాకి కుట్టాను. ఒంటిమీద కుట్టేటప్పుడు తెలివి కూడా కుట్టుకుపోతుందంటారు కదా, అందుకని నోట్లో దారప్పోగు పట్టుకోమన్నాను. పళ్ళతో పట్టుకుని నవ్వింది. అదే చివర."

"ఆ పూస సంగతి ఎవరెవరికి తెలుసమ్మా?"

"నాకు. కరాజోవ్‌కి మొదటిరోజే చెప్పాను. మార్తెనిత్సా వరకూ పేపర్లలో వేస్తాం గానీ పూస మాట మాత్రం మీ నోటా మా నోటా రాకూడదన్నాడు. ఊరు మమ్మల్ని చేతకానివాళ్ళంటుంది, అననివ్వండి. ఆ పూస మాట ఎవడి నోట వస్తుందో వాడి కోసమే మేం కాచుకు కూర్చున్నాం అన్నాడు." అమ్మ నా మొహం చూసింది. "ఏమైందే? అలా ఉన్నావేం?"

దెల్యాన్ మేనత్త ఊళ్ళో ఉన్నానన్నాడు. ఆ సాయంత్రం దాన్ని చూడనేలేదన్నాడు. ఇదే కుర్చీలో కూర్చుని ఏడ్చాడు, అమ్మ కాగితం రుమాలు ఇచ్చింది.

నేను నోరు తెరిచాను. అంతలో గొళ్ళెం వెయ్యని తలుపు తెరుచుకుంది.

"అత్తా, నేనే," అన్నాడు దెల్యాన్. చంకలో పోస్టర్ల చుట్ట, మెట్లెక్కి వచ్చిన ఆయాసం. చెప్పులు గుమ్మం దగ్గర వరసగా విడిచాడు, ఎప్పుడూ విడిచినట్టే. "ఈసారి ఫొటో పెద్దది వేయించాను. ఆ కరాజోవ్ చెప్పకపోతే మానె, నీలిపూస సంగతి కూడా మనమే వేశాం. చూసినవాడికి గుర్తుంటుంది."

అతను వస్తూనే లేచిన అమ్మ గరిటె పట్టుకుని గిన్నె వైపు తిరిగి ఉంది. తిరిగిన మనిషి అలాగే ఉండిపోయింది. గరిటె చివర నుంచి చారు చుక్కలు స్టవ్వు మీద పడి చుయ్యిమంటున్నాయి. తర్వాత నా వైపు చూసింది. నేను చెప్పలేని మాటంతా నా మొహంలో చదువుకుంది.

గరిటె గిన్నెలో పెట్టింది. దెల్యాన్‌ని దాటుకుని తలుపు దగ్గరికి నడిచింది. తలుపు మూసి, తాళంచెవి రెండుసార్లు తిప్పి, తీసి ఏప్రాను జేబులో వేసుకుంది. కిటికీలోంచి రేవు గంట వినబడుతోంది, సాయంత్రం ఫెర్రీ అవతలి ఒడ్డుకి బయల్దేరుతోంది.

"కూర్చో బాబూ," అంది అమ్మ, అతని ముందు ఖాళీ పళ్ళెం పెడుతూ. "చారు పోస్తాను. తింటూ చెప్పు, ఆ పూస మా పిల్ల నీకెప్పుడు చూపించింది?"